ఖాతా ఎందుకు తెరుస్తున్నారో అడిగే నాథుడే లేడు

జావాలో కంటెంట్ రిపాజిటరీలతో కుస్తీ పట్టేవాళ్ళకి బాగా తెలిసిన ఫంక్షన్ ఒకటుంది. పేరు క్రియేట్ యూజర్. అపాచీ జాక్‌రాబిట్‌లోనూ, ఆ తర్వాత వచ్చిన ఓక్‌లోనూ యూజర్ మేనేజర్ అనే ఇంటర్‌ఫేసులో ఉంటుంది. దానికి మనం ఇవ్వాల్సినవి రెండే రెండు: ఒక ఐడీ, ఒక పాస్‌వర్డు. ఇచ్చి సేవ్ చేస్తే చాలు, మనిషి పుట్టేస్తాడు. అదే కుటుంబంలో డిజేబుల్ అని ఇంకో ఫంక్షన్ ఉంది. ఖాతా మూసెయ్యడానికి. దానికి మాత్రం కారణం రాసివ్వాలి. కారణం చోట నల్ ఇచ్చారనుకోండి, మూయడం మాట దేవుడెరుగు, మూసి ఉన్న ఖాతా కాస్తా తెరుచుకుంటుంది.

అంటే ఏంటన్నమాట? ఒకణ్ణి బయటికి పంపాలంటే ఎందుకో చెప్పాలి. లోపలికి రానివ్వాలంటే మాత్రం ఎందుకని అడిగే నాథుడే లేడు. ఆ ఫంక్షన్లు రాసిన మహానుభావుల్ని నేనేమీ అనడం లేదు. వాళ్ళు పనిముట్టు ఇచ్చారు. దాన్ని లూపులో పెట్టి గిరగిరా తిప్పుతున్నది మనం. నా గొడవంతా మనతోనే.

సాఫ్ట్‌వేర్ గోల లేనివాళ్ళ కోసం ఒక ముక్క. కంటెంట్ రిపాజిటరీ అంటే కంపెనీ కాగితాలన్నీ దాచుకునే కొట్టుగది అనుకోండి. వెబ్‌సైటు పేజీలు, ఒప్పందాలు, బొమ్మలు, జీతాల లెక్కలు, ఉద్యోగులకిచ్చిన ఉత్తరాలు, అన్నీ అందులో చెట్టుకొమ్మల్లా ఒకదాంట్లోంచి ఒకటిగా పేర్చి ఉంటాయి. ఏ కొమ్మని ఎవరు చూడొచ్చు, ఎవరు దిద్దొచ్చు అన్నది ఆ కొమ్మకే చీటీ కట్టి ఉంటుంది. చీటీ మీద వాడుకరి పేరో, గుంపు పేరో ఉంటుంది. ఖాతా అంటే ఆ గదికి తాళంచెవి. ఈ తాళంచెవుల్ని ఒక్కొక్కటిగా చేత్తో చెయ్యకుండా, ప్రోగ్రాముతో వందల లెక్కన పోతపొయ్యడం గురించే నేను మాట్లాడుతున్నది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఖాతాలు పుట్టించే ప్రోగ్రాము రాసేవాడు వాటి చావుకి కూడా ఏర్పాటు రాసి తీరాలి. అది రాయకపోతే పని సగం అయినట్టు కాదు, అసలు కానట్టు. అలాంటి పనికి బిల్లు వెయ్యకూడదు, అలాంటి పనిని ఒప్పుకోనూ కూడదు.

ప్రతి ప్రాజెక్టులోనూ అదే స్క్రిప్టు

ఈ రిపాజిటరీలకి ఒక ప్రామాణికం ఉంది. జేఎస్‌ఆర్ 170 పేరుతో 2005లో మొదటి రూపం, జేఎస్‌ఆర్ 283 పేరుతో 2009లో రెండో రూపం వచ్చాయి. కాగితం ఎలా దాచాలి, పాత ప్రతులు ఎలా ఉంచాలి, ఎలా వెతకాలి, అన్నీ రాశారు. రెండో రూపంలో ఏ కొమ్మ మీద ఎవరికి ఏ హక్కు అన్నదీ రాశారు. కానీ ఆ 'ఎవరు' అనేవాళ్ళు ఎలా పుట్టాలి, ఎలా పోవాలి అన్నది మాత్రం రాయలేదు. అది ఎవరికి వాళ్ళు చూసుకోండని వదిలేశారు. జాక్‌రాబిట్ వాళ్ళు ఒక దారి వేశారు. అల్ఫ్రెస్కో వాళ్ళు మనిషిని ఒక చోట, పాస్‌వర్డుని ఇంకో చోట విడివిడిగా పుట్టించే దారి వేశారు. మిగతావాళ్ళవి వాళ్ళ దారులు.

దాంతో ప్రతి ప్రాజెక్టులోనూ ఎవరో ఒకరు సొంతంగా ఒక స్క్రిప్టు రాస్తారు. నేను కన్సల్టెంటుగా ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆ స్క్రిప్టు మాత్రం కవలపిల్లల్లా ఒకేలా ఉంటుంది. హెచ్చార్ వాళ్ళు పంపిన సీఎస్‌వీ ఫైలు తెరువు. అడ్మిన్‌గా లాగిన్ అవ్వు. వరసకో మనిషి చొప్పున, పేరులో మొదటి అక్షరం తీసి లాస్ట్ నేమ్‌కి తగిలించి ఐడీ చెయ్యి. అందరికీ 'వెల్‌కమ్123' అని పాస్‌వర్డు పెట్టు. ఒక గుంపులో పడెయ్యి. సేవ్ చెయ్యి. మొత్తం నలభై లైన్లు. శుక్రవారం రాత్రి నడిపితే సోమవారం పొద్దున్నకి 'ఎనిమిది వందల ఖాతాలు విజయవంతంగా తెరవబడ్డాయి' అని మెయిలు. మేనేజరు నుంచి శభాష్.

ఆ నలభై లైన్లలో ప్రతి లైనూ ఒక నిర్ణయం. ఎవరూ కూర్చుని ఆలోచించి తీసుకోని నిర్ణయం. వాటి సంగతి చూద్దాం.

పేరులోంచి ఐడీ

ముందు పేరు సంగతి. ఇది మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. మనకి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. వాళ్ళ ఫారంలో ఫస్ట్ నేమ్ అంటే పెట్టిన పేరు, లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు. మాటకి మాట అర్థం చేసుకుని నింపినవాడు జీవితాంతం ఇంటిపేరుతోనే పిలిపించుకుంటాడు. పాస్‌పోర్టులో పేరంతా సర్‌నేమ్ గడిలోనే పడిపోయి, పెట్టిన పేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద 'ఎఫ్‌ఎన్‌యూ' అని కొడతారు. ఫస్ట్ నేమ్ తెలీదు అని దానర్థం. స్క్రిప్టుకి అదేం తెలుసు? దాని దృష్టిలో అది కూడా ఒక పేరే. అలా 'ఎఫ్' తో మొదలయ్యే ఐడీలతో తిరిగే తెలుగువాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ పేరులో ఆ అక్షరం పలికే మనిషి వాళ్ళ వంశంలోనే లేడు.

దీన్ని నవ్వుకుని వదిలెయ్యొచ్చు. వదల్లేనిది దీని తర్వాతది. మన ప్రాజెక్టుల్లో లాస్ట్ నేమ్ గడిలో రావు అని, మొదటి అక్షరం ఎస్ అని ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? సురేష్, శ్రీనివాస్, సత్యనారాయణ, సుధ, స్వాతి. అందరూ ఎస్‌రావులే. స్క్రిప్టు తెలివైనది కాబట్టి ఎస్‌రావు, ఎస్‌రావు2, ఎస్‌రావు3 అని అంకెలు వేసుకుంటూ పోతుంది. ఖాళీగా ఉన్న మొదటి అంకె వెతికి ఇస్తుంది. ఈ ఒక్క చిన్న తెలివి ఏం చేస్తుందో ఒక క్లయింటు దగ్గర కళ్ళారా చూశాను. క్లయింటు పేరు మనకి అనవసరం.

అక్కడ ఎస్‌రావు3 అనే కాంట్రాక్టరు రెండేళ్ళు హెచ్చార్ విభాగం కాగితాల మీద పనిచేసి వెళ్ళిపోయాడు. వాళ్ళు పద్ధతి గలవాళ్ళే, వెళ్ళిన రోజే అతని ఖాతా తీసేశారు. నాలుగు నెలల తర్వాత ఒక అమ్మాయి చేరింది. ఆమె ఎస్సే, రావే. స్క్రిప్టు వెతికింది, మూడు ఖాళీగా ఉంది, ఇచ్చేసింది. మొదటి వారంలోనే ఆమెకి తెరమీద హెచ్చార్ ఫోల్డరు కనిపించింది. తెరిస్తే ఎవరెవర్ని తీసెయ్యబోతున్నారో ఆ ఉత్తరాల చిత్తుప్రతులు. భయపడి తనే వెళ్ళి చెప్పింది. చెప్పినందుకు రెండు రోజులు కూర్చోబెట్టి 'నీకిది ఎలా దొరికింది' అని అడిగారు. తలుపు తెరిచిపెట్టినవాణ్ణి వదిలేసి, తలుపు తెరిచుందని చెప్పిన మనిషిని నిలదీశారు. ఆమెకది అమెరికాలో మొదటి ఉద్యోగం. వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ రెండు రోజులు ఎలా గడుస్తాయో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

జరిగిందేంటంటే, ఖాతా తీసేస్తే వాడుకరి పోతాడు గానీ, కొమ్మలకి కట్టిన చీటీలు పోవు. ఓక్‌లో ఆ చీటీ మీద ఉండేది పేరే. ఆ పేరుతో ఇంకొకరు పుడితే చీటీ వాళ్ళదే అయిపోతుంది. విండోస్‌లో ఇలా జరగదు. అక్కడ ప్రతి ఖాతాకీ వెనక ఒక భద్రతా సంఖ్య ఉంటుంది. ఖాతా తీసేసి అదే పేరుతో మళ్ళీ తెరిచినా సంఖ్య కొత్తది వస్తుంది, పాత హక్కులు అంటుకోవు. యునిక్స్‌లో ఫైళ్ళకి యజమాని అంకె ఉంటుంది, ఆ అంకెని ఇంకొకరికి ఇస్తే పాత ఫైళ్ళు వాళ్ళవే అవుతాయి. ఇదేం కొత్తగా కనిపెట్టిన రహస్యం కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాల్లో అందరం చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం, ప్రాజెక్టులో మాత్రం ఖాళీ అంకె వెతికే లూపు రాస్తున్నాం.

అందరికీ ఒకే పాస్‌వర్డు

ఎనిమిది వందల మందికి ఒకే 'వెల్‌కమ్123'. అడిగితే, మొదటిసారి లాగిన్ అయ్యాక మార్చుకుంటారండీ అంటారు. ఎవరు మార్చుకుంటారు? ఎన్నడూ లాగిన్ అవ్వనివాడు ఎన్నడూ మార్చుకోడు. వాడి తలుపు అలా తెరిచే ఉంటుంది. ఓక్‌లో మొదటి లాగిన్‌లో పాస్‌వర్డు మార్చి తీరాలనే మీట ఉంది. కానీ అది మామూలుగా ఆపేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేసిన ప్రాజెక్టులు ఎన్నో మీరే గుర్తుచేసుకోండి.

2016లో మిరాయ్ అనే వైరస్సు ఇళ్ళలోని కెమెరాల్నీ రౌటర్లనీ లక్షల్లో లొంగదీసుకుంది. అదేం మంత్రం వెయ్యలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన ఐడీ-పాస్‌వర్డు జతలు అరవై పైచిలుకు దగ్గర పెట్టుకుని వరసగా ప్రయత్నించింది. ఆ తర్వాత ప్రభుత్వాలు కళ్ళు తెరిచాయి. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి, నెట్‌కి తగిలించే వస్తువులకి ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డు ఉండాలి, లేదా వాడేముందు మార్పించాలి అని చట్టం. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టి వస్తువులు అమ్మడమే నిషేధం. వరండాలో తగిలించుకునే కెమెరాకి ఉన్న గౌరవం కంపెనీ కాగితాలన్నీ దాచిన కొట్టుగదికి లేదా? పైగా ఓక్‌లో పాస్‌వర్డు లేకుండానే ఖాతా తెరవొచ్చు. అలా తెరిచిన ఖాతాలోకి పాస్‌వర్డుతో ఎవరూ రాలేరు, మనిషి తన వివరం రుజువు చేసుకున్నాక అప్పుడు పెట్టొచ్చు. ఒక నల్ ఇస్తే పోయేదానికి ఎనిమిది వందల ఇళ్ళకి ఒకే తాళం వేస్తున్నాం.

పుట్టించింది ఎవరు?

స్క్రిప్టు అడ్మిన్‌గా నడుస్తుంది కాబట్టి, పుట్టిన ప్రతి ఖాతాలోనూ పుట్టించినవాడు అడ్మిన్ అని రాసి ఉంటుంది. పుట్టిన తేదీ ఉంది, తండ్రి పేరు లేదు. మూడేళ్ళ తర్వాత 'ఈ ఖాతా ఎవరు అడిగారు, ఎందుకు' అంటే చెప్పే దిక్కుండదు. స్లింగ్ వాళ్ళు ఇది గ్రహించే అడ్మిన్‌గా లాగిన్ అయ్యే పాత పద్ధతిని వద్దన్నారు. ప్రతి పనికీ దానికి సరిపడా హక్కులున్న, పాస్‌వర్డు లేని సిస్టమ్ ఖాతా పెట్టుకోమన్నారు. అయినా పాత కోడు కాపీ కొట్టి అతికించేవాళ్ళకి అవేవీ కనపడవు.

ఇక చావు. ఊళ్ళో ఓటర్ల జాబితా చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. చేర్చడానికి ఊరేగింపుగా వస్తారు. పోయినవాళ్ళ పేర్లు తీసెయ్యడానికి ఎవరూ రారు, ఎందుకంటే పోయినవాళ్ళు వచ్చి అడగరు. అలాగే ప్రాజెక్టులో కొత్తవాడికి ఖాతా లేకపోతే వాడు రోజూ నస పెడతాడు. వెళ్ళిపోయినవాడికి ఖాతా ఉంటే ఎవరికీ నొప్పి లేదు. నొప్పి లేని చోటికి మందు వెళ్ళదు.

నొప్పి వచ్చేటప్పటికి ఒక్కసారిగా వస్తుంది. 2021 మే నెలలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయినప్పుడు జార్జియా, కరోలినాల్లో ఉన్న మనవాళ్ళు పెట్రోలు బంకుల ముందు క్యూ కట్టింది గుర్తుండే ఉంటుంది. టెక్సాస్ నుంచి న్యూజెర్సీ దాకా పోయే గొట్టం అది. దొంగలు లోపలికొచ్చిన దారి, వాడకంలో లేదనుకున్న ఒక పాత వీపీఎన్ ఖాతా. రెండో అంచె తనిఖీ కూడా దానికి లేదు. కంపెనీ కట్టిన సొమ్ము దాదాపు 44 లక్షల డాలర్లు. ఒక్క పాత ఖాతా, మూసెయ్యడానికి ఒక నిమిషం పట్టేది.

ఒకే ఐడీతో పదకొండు మంది

ఇవన్నీ ఖాతాలు ఎక్కువై వచ్చిన తిప్పలు. తక్కువై వచ్చేది ఇంకోటుంది. అమెరికాలో ఉద్యోగులకి రాత్రికి రాత్రి ఎనిమిది వందల ఖాతాలు తెరిచే స్క్రిప్టే, హైదరాబాదులో ఉన్న ఆఫ్‌షోర్ టీముకి ఖాతా కావాలంటే మూడు వారాలు పట్టిస్తుంది. ఎందుకంటే వాళ్ళు హెచ్చార్ సీఎస్‌వీలో ఉండరు. డెలివరీ తేదీ మాత్రం ఆగదు. అప్పుడు లీడు ఏమంటాడో మీకు తెలుసు. 'ప్రస్తుతానికి వాడి ఐడీతో కానిచ్చెయ్యండి బాబూ, మీవి వచ్చేదాకా.' ఆ ప్రస్తుతం ఏడాది నడుస్తుంది. పదకొండు మంది ఒకే ఐడీ, ఒకే పాస్‌వర్డు, వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి మరీ.

అర్ధరాత్రి ఎవరో ఒక కొమ్మ నరికేశారనుకోండి. లాగులో పడేది ఒక్క పేరు. ఆ పేరు గలవాడు ఆ టైములో ఇంట్లో నిద్రపోతూ ఉండొచ్చు. లాగుకి నిద్ర సంగతి తెలీదు. ఇలా పేరు పోగొట్టుకుని ప్రాజెక్టులోంచి బయటపడి, బెంచి మీద కూర్చున్న కుర్రాడితో నేను పనిచేశాను. తప్పు చేసింది తను కాదని చెప్పడానికి వాడి దగ్గర ఆధారం లేదు. తన ఐడీ పదిమందికీ ఇవ్వమన్నది పైవాళ్ళేనని చెప్తే పైవాళ్ళు ఒప్పుకోరు. ఖాతా తెరిచే స్క్రిప్టులో కాంట్రాక్టరు అనే వరస లేకపోవడానికి ఖరీదు వాడు కట్టాడు, స్క్రిప్టు రాసినవాడు కాదు.

వాళ్ళు చెప్పే సాకులు

మొదటిది: 'ఎల్‌డాప్ ఉంది, సింగిల్ సైన్ ఆన్ ఉంది, ఇప్పుడెవరండీ ఖాతాలు తెరుస్తారు, మీదంతా పాతకాలపు గోల.' మంచి మాటే. కానీ ఓక్‌లో బయటి నుంచి వచ్చే మనిషికి కూడా లోపల ఒక నకలు ఖాతా దానంతటదే పుడుతుంది. ఎల్‌డాప్‌లో మనిషి పోతే నకలు వెంటనే మాయమవ్వదు. అలాంటి అనాథ ఖాతాల్ని ఏరి పారెయ్యడానికి విడిగా ఒక ఆపరేషన్ ఇచ్చారు. ఇచ్చారంటేనే అవి పోగుపడతాయని వాళ్ళకి తెలుసు. దాన్ని మీ దగ్గర ఎవరు నడుపుతున్నారు, ఎన్నాళ్ళకోసారి? ఈ ప్రశ్న అడిగితే గదిలో అందరూ పక్కవాడి మొహం చూస్తారు.

రెండోది: 'అది మా స్కోపులో లేదు.' తాళంచెవులు పోతపొయ్యడం స్కోపులో ఉందట, అవి ఎవరి చేతిలో ఉన్నాయో లెక్క రాయడం లేదట. అద్దె ఇల్లు ఖాళీ చేసినవాడి దగ్గర తాళంచెవి వెనక్కి తీసుకోని ఇంటివాణ్ణి మనం ఏమంటాం?

మూడోది: 'వెయ్యి మందికి చేత్తో తెరవమంటారా?' అస్సలు అనను. ప్రోగ్రాముతోనే తెరవండి. చేత్తో చేస్తే తప్పులు ఇంకా ఎక్కువ. వద్దన్నది ప్రోగ్రాముని కాదు, సగం ప్రోగ్రాముని. పుట్టించడం, మార్చడం, ఆపడం, తీసెయ్యడం, నాలుగూ ఒకే చోట చేసే స్కిమ్ ప్రామాణికం 2015 నుంచీ ఉంది. దారి లేక కాదు, నడవక.

చెయ్యాల్సింది

పెద్ద చదువేం అక్కర్లేదు.

1. ఐడీ పేరులోంచి తియ్యొద్దు. ఎన్నటికీ ఇంకొకరికి ఇవ్వని సంఖ్య పెట్టండి. పేరు ఎలా రాసుకోవాలో ఆ మనిషికే వదిలెయ్యండి. ఇంటిపేరు ముందు పెట్టుకుంటాడో వెనక పెట్టుకుంటాడో వాడిష్టం.

2. ప్రతి ఖాతా మీదా మూడు ముక్కలు రాయండి: ఎవరు అడిగారు, ఎందుకు, ఎప్పటిదాకా. ఈ మూడూ లేని వరసని స్క్రిప్టు ఒప్పుకోకూడదు.

3. వెళ్ళిపోయినవాడి ఖాతాని ముందు కారణం రాసి మూయండి. ఆ తర్వాత చీటీలు విప్పండి. తీసెయ్యడం అన్నిటికన్నా ఆఖరున.

4. అందరికీ ఒకే పాస్‌వర్డు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. లేకుండానే తెరవండి.

5. కాంట్రాక్టర్లూ ఆఫ్‌షోర్ వాళ్ళూ మనుషులే. వాళ్ళకి కూడా మొదటి రోజే ఎవరి ఖాతా వాళ్ళకి ఇవ్వండి.

ఇవి చెయ్యడానికి నలభై లైన్ల స్క్రిప్టు రెండొందల లైన్లవుతుంది. ఒక వారం పని పెరుగుతుంది. ఆ వారం కోసం క్లయింటుతో పోట్లాడటం మన పని. మనవాళ్ళకి పోట్లాటంటే మొహమాటం. అడిగిన దానికన్నా తొందరగా ఇచ్చేస్తే మంచిపేరు వస్తుందనుకుంటాం. వస్తుంది, మెయిల్లో. ఆ మెయిలు పంపినవాడే మూడేళ్ళ తర్వాత లాగు పట్టుకుని, అందులో ఏ తెలుగు పేరు దొరికితే ఆ పేరుని నిలబెడతాడు.

కాబట్టి ఈసారి మీ ముందుకి అలాంటి స్క్రిప్టు కోడ్ రివ్యూకి వస్తే లూపు బాగుందా, ఇండెంటేషన్ సరిగ్గా ఉందా అని చూడకండి. ఒక్కటే అడగండి: 'ఇందులో పుట్టినవాళ్ళు ఎప్పుడు పోతారు?' జవాబు లేకపోతే వెనక్కి పంపండి. కారణం గడిలో ఆ ప్రశ్ననే రాయండి.